మానని పుండు

ఊళ్ళో అందరూ ఆయన్ని మేస్త్రి అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ళుగా తాపీ పని. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన కట్టినవే. ఆయన భార్యను మేస్త్రమ్మ అంటారు. ఆమె పగలు మిరపకాయల కోతకు పోతుంది. రాత్రి చదువుల కేంద్రానికి వస్తుంది. రెండేళ్ళ కిందట ఆమెకు సంతకం కూడా రాదు. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. రేషను కార్డులో పేర్లు చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడా కొన్ని గుర్తుపడుతుంది.

మేస్త్రికి యాభై అయిదేళ్ళు. చక్కెర జబ్బు ఉంది. మాత్రలు ఒకరోజు వేసుకుంటాడు. రెండు రోజులు మరిచిపోతాడు.

ఒక రోజు సెంట్రింగు చెక్కలు విప్పుతున్నారు. చెక్కకున్న మేకు ఒకటి మేస్త్రి హవాయి చెప్పును పొడుచుకుని పాదంలోకి దిగింది. మేస్త్రికి తెలియలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాడు. సాయంత్రం దాకా పని చేశాడు. ఇంటికి వచ్చి చెప్పు విడవబోతే ఊడి రాలేదు.

మేస్త్రమ్మ వంగి చూసింది. ఆమె గుండె ఝల్లుమంది.

"ఏమయ్యా, కాలికి మేకు దిగితే నొప్పి తెలియలేదా?"

"తెలిస్తే చెప్పనా?" అన్నాడు మేస్త్రి.

ఆయన అబద్ధం చెప్పలేదు. చక్కెర జబ్బు ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిర్లు వస్తాయి. తర్వాత స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు. మన దేశంలో సుమారు పది కోట్ల మందికి చక్కెర జబ్బు ఉందని 2023లో వచ్చిన సర్వే చెప్పింది. వాళ్ళలో కాలి పుండుతో ఆసుపత్రికి చేరేవాళ్ళు తక్కువేమీ కాదు.

మూడు మందులు, మూడు నెలలు

మేకు పీకారు. గాయం మీద పసుపు అద్దారు. పక్కింటావిడ కాఫీ పొడి తెచ్చి అద్దింది. మూడో రోజుకు పాదం వాచింది.

ఊళ్ళో ఆరెంపీ దగ్గరికి వెళ్ళారు. ఆయన ధనుర్వాతం సూది వేశాడు. అది మంచి పనే. మేకు దిగితే ఆ సూది వేయించుకోవలసిందే. కానీ పుండు కడగలేదు. లోపల ఏముందో చూడలేదు. చక్కెర ఎంత ఉందో అడగలేదు. అయిదు రోజులకు మాత్రలు ఇచ్చి పంపాడు. అవి యాంటీబయాటిక్ మాత్రలు. అంటే పుండులో చేరిన సూక్ష్మక్రిములను చంపే మందు.

రెండు రోజులకు వాపు తగ్గింది. మేస్త్రి పనిలోకి పోయాడు. మిగిలిన మాత్రలు రేకు పెట్టెలో దాచాడు. వారం తర్వాత మనవడికి జలుబు చేసింది. ఆ మాత్ర ఒకటి సగానికి విరిచి వాడికి వేశారు. జలుబు తెచ్చే క్రిమి వేరు. దానికి ఈ మందు పనిచేయదు. అయినా చాలా ఇళ్ళలో జరిగేది ఇదే.

మేస్త్రి పాదం మళ్ళీ వాచింది. ఈసారి మందుల షాపులో అడిగి ఇంకా ఖరీదైన మాత్రలు తెచ్చుకున్నాడు. మూడు రోజులు వాడాడు. డబ్బులు అయిపోయాయి. మానేశాడు. తర్వాత ఇంకో చోట సూదులు. "పెద్ద మందు వేయండి డాక్టరు గారూ" అని తనే అడిగాడు. వాళ్ళు వేశారు.

మూడు నెలలు గడిచాయి. పుండు రూపాయి బిళ్ళంత అయింది. కట్టిన గుడ్డకు పచ్చగా మరక అంటేది. వాసన వేసేది. రెండో వేలు నల్లబడింది. ఒక రాత్రి చలిజ్వరం వచ్చింది.

"మందు ఒంటికి అలవాటు పడిపోయింది. ఇంక పనిచేయదు" అన్నాడు పక్కింటి పెద్దాయన.

ఈ మాట చాలామంది అంటారు. కానీ ఇది సరైన మాట కాదు. మందుకు అలవాటు పడింది మేస్త్రి ఒళ్ళు కాదు, పుండులో ఉన్న క్రిములు. ఈ తేడా తెలుసుకోవడం చాలా ముఖ్యం. ఎందుకంటే మేస్త్రి పుండులో ముదిరిన క్రిమి మేస్త్రి దగ్గరే ఉండదు. కట్టు కట్టిన చేతికి అంటుతుంది. ఆ చేయి తాకిన వాళ్ళకు అంటుతుంది. ఆ మందు జన్మలో ఎప్పుడూ వాడని మనిషికి కూడా, మందుకు లొంగని పుండు రావచ్చు.

పత్తి చేలో జరిగిందే

క్రిములు మందుకు ఎలా తట్టుకుంటాయి? పత్తి రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

1980 తర్వాత పత్తికి కొత్త రకం పురుగు మందులు వచ్చాయి. మొదట్లో ఒక్కసారి కొడితే పురుగు రాలిపోయేది. రైతులు సంతోషించారు. మళ్ళీ మళ్ళీ కొట్టారు. తర్వాత మోతాదు పెంచారు. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. 1987-88 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు చేల మీద పడింది. ఎంత కొట్టినా చావలేదు. చేలకు చేలు పోయాయి. అప్పులు తీర్చలేక కొందరు రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. శాస్త్రజ్ఞులు ఆ పురుగును పరీక్షించారు. అది మందును తట్టుకునే పురుగు అని తేలింది.

ఏం జరిగింది? చేలో లక్ష పురుగులు ఉన్నాయనుకోండి. అన్నీ ఒకేలా ఉండవు. నాలుగైదు గట్టివి ఉంటాయి. మందు కొడితే మెత్తవి చస్తాయి. గట్టివి మిగులుతాయి. ఇప్పుడు చేను వాటిదే. ఆకు వాటిదే. అవే గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు కూడా గట్టివే.

పుండులో కూడా ఇదే జరుగుతుంది. కాకపోతే క్రిముల్లో ఇది బహు త్వరగా జరుగుతుంది. పత్తి పురుగు ఒక తరం కావడానికి నెల రోజులు పడుతుంది. కొన్ని రకాల క్రిములకు, అన్నీ అనుకూలంగా ఉంటే, ఒకటి రెండు కావడానికి 20 నిమిషాలు చాలు. పలక మీద లెక్క వేసి చూడండి. గంటకు మూడుసార్లు రెట్టింపు. ఏడు గంటల్లో ఇరవై ఒక్కసార్లు. ఒక్క క్రిమి ఇరవై లక్షలు దాటుతుంది!

ఇంకో చిత్రం ఉంది. గట్టి క్రిమి తన గట్టిదనాన్ని పక్కనున్న వేరే జాతి క్రిమికి కూడా ఇవ్వగలదు. ఒక రైతు ఇంకో రైతుకు విత్తనం ఇచ్చినట్టు.

ఈ ప్రమాదం కొత్తగా తెలిసింది కాదు. 1928లో లండను నగరంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే శాస్త్రజ్ఞుడు పెన్సిలిన్‌ను కనిపెట్టాడు. క్రిములు పెంచే గాజు పళ్ళెంలో బూజు పట్టింది. ఆ బూజు చుట్టూ క్రిములు చచ్చి ఉన్నాయి. ఆ బూజు నుంచే మందు వచ్చింది. అంతకు ముందు చిన్న గాయానికే మనుషులు చనిపోయేవారు. 1945లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ సభలోనే ఆయన హెచ్చరించాడు. చాలీచాలని మోతాదు వాడితే క్రిములు మందుకు తట్టుకోవడం నేర్చుకుంటాయని చెప్పాడు. అలాగే అయింది. పెన్సిలిన్‌కు లొంగని చీము క్రిముల కోసం మెథిసిలిన్ అనే మందు తెచ్చారు. అది వచ్చి రెండేళ్ళు తిరిగే సరికి, 1961 నాటికి, ఇంగ్లండులో దానికీ లొంగని క్రిమి కనిపించింది. దాన్నే ఎం.ఆర్.ఎస్.ఏ. అంటారు. ఈనాడు అది లేని దేశం లేదు.

2019లో ప్రపంచం మొత్తం మీద పన్నెండు లక్షల డెబ్బై వేల మంది, క్రిములు మందుకు లొంగకపోవడం వల్లనే చనిపోయారని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు.

మూడు రోజుల పరీక్ష

చలిజ్వరం వచ్చిన తెల్లారే మేస్త్రమ్మ ఆటో పిలిచింది. మేస్త్రిని జిల్లా పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. వెళ్ళేటప్పుడు ఒక మంచి పని చేసింది. రేకు పెట్టెలో ఉన్న పాత మందుల అట్టలన్నీ సంచిలో వేసుకుంది.

అక్కడ డాక్టరమ్మ మేస్త్రి పాదాన్ని చాలాసేపు చూసింది. పాదం మీద వేళ్ళు పెట్టి నాడి చూసింది. రక్తం పాదం దాకా వస్తోందో లేదో తెలుసుకోవడానికి అది. రక్తం రాకపోతే మందు కూడా రాదు. రక్తంలో కలిసే కదా మందు పుండు దగ్గరికి చేరాలి! రక్తనాళం మూసుకుపోతే ముందు దాన్ని తెరవాలి. మేస్త్రికి నాడి బాగానే అందింది. తర్వాత ఒక సన్నని ఉక్కు పుల్లను పుండులోకి పోనిచ్చింది. పుల్ల టక్కుమని ఎముకకు తగిలింది.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మూడు నెలలు తల్లీ. ఇవిగో, వాడిన మందులు" అని మేస్త్రమ్మ సంచి ఇచ్చింది.

డాక్టరమ్మ అట్టలన్నీ చూసింది. ఏమీ అనలేదు. పేర్లు కాగితం మీద రాసుకుంది.

పుండును శుభ్రంగా కడిగారు. పైన చచ్చిన మాంసం తీశారు. లోపలి నుంచి చిన్న ముక్క తీసి సీసాలో వేసి పరీక్షకు పంపారు. పైన కారే చీము తుడిచి పంపితే లాభం లేదు. పైన దారిన పోయే క్రిములు కూడా ఉంటాయి. అసలు దొంగ లోపల ఉంటాడు.

ఆ పరీక్షను కల్చర్ పరీక్ష అంటారు. ముక్కలోని క్రిములను గాజు పళ్ళెంలో పెంచుతారు. వాటికి తిండి పెట్టి వెచ్చగా ఉంచుతారు. తర్వాత కాగితపు బిళ్ళలు ఆ పళ్ళెంలో పెడతారు. ఒక్కో బిళ్ళకు ఒక్కో మందు తడిపి ఉంటుంది. మర్నాడు చూస్తారు. మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ క్రిములు పెరగవు. గుండ్రంగా ఖాళీ కనిపిస్తుంది. పనిచేయకపోతే క్రిములు బిళ్ళ అంచు దాకా పెరుగుతాయి. అన్నీ అయ్యేసరికి రెండు మూడు రోజులు పడుతుంది.

కొత్త మందు మొదలుపెట్టక ముందే ఈ ముక్క తీయాలి. మందు పడ్డాక తీస్తే క్రిములు సరిగా పెరగవు. మేస్త్రికి జ్వరం ఉంది కాబట్టి, ముక్క తీసిన వెంటనే ఒక సూది మందు మొదలుపెట్టారు. పరీక్ష వచ్చాక అవసరమైతే మారుస్తామన్నారు.

నాలుగో రోజు కాగితం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని మంచం మీద పరిచింది. ఎడమ పక్క మందుల పేర్లు. కుడి పక్క ఒక్కో అక్షరం.

"ఎస్ అని ఉంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది. ఆర్ అని ఉంటే లొంగదు. ఐ అని ఉంటే ఎక్కువ మోతాదు ఇస్తే లొంగవచ్చు" అంది.

మేస్త్రమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. ఆర్ తొమ్మిది చోట్ల ఉంది. ఎస్ మూడు చోట్ల ఉంది.

"మీరు ఇంతవరకు వాడినవి మూడు మందులు. ఆ మూడూ ఈ తొమ్మిదిలోనే ఉన్నాయి" అంది డాక్టరమ్మ.

మేస్త్రమ్మకు నోట మాట రాలేదు. మూడు నెలల కూలి డబ్బు ఆ తొమ్మిది అక్షరాల్లో కరిగిపోయింది.

ఆ క్రిమి పేరు సూడోమోనాస్. తడి ఉన్నచోట బతుకుతుంది. చీముకు పచ్చరంగు ఇస్తుంది. ఎం.ఆర్.ఎస్.ఏ. అయితే వాంకోమైసిన్, లినెజోలిడ్ వంటి మందులు వాడతారు. సూడోమోనాస్‌కు అవి పనిచేయవు. దాని మందులు వేరే. ఏ క్రిమో తెలియకుండా "పెద్ద మందు" వేయడం చీకట్లో రాయి విసరడమే.

మిగిలిన మూడు ఎస్‌లలో కూడా ఏదో ఒకటి తీసుకుని వాడటానికి లేదు. ఒకదాని పేరు కొలిస్టిన్. అది పాత మందు. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టారు. వేరే మందులు ఓడిపోతుంటే మళ్ళీ బయటికి తీశారు. ఇప్పుడు అది ఆఖరి ఆయుధం వంటిది. అలాంటి మందును కోళ్ళు త్వరగా పెరగాలని దాణాలో కలిపేవారు! 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. డాక్టరమ్మ దాని జోలికి పోలేదు. తక్కువ హాని చేసే ఇంకో మందు ఎంచుకుంది. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో మధ్యమధ్య రక్తపరీక్ష చేయించింది.

కుళ్ళిన చెక్క

"సరైన మందు దొరికింది కదా. ఇంక మానిపోతుందా?" అని అడిగింది మేస్త్రమ్మ.

"మందు ఒక్కటే మాన్పలేదమ్మా. వేలి ఎముక కుళ్ళింది. ఆ వేలు తీయాలి."

మేస్త్రి మంచం మీద లేచి కూర్చున్నాడు. "వేలు తీస్తే నేను పరంజా మీద ఎట్లా నిలబడతాను? మందులే వేయండి తల్లీ. ఎంత ఖర్చయినా సరే."

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. చచ్చిన మాంసంలోకి రక్తం రాదు. రక్తం రాని చోటికి మందు రాదు. క్రిములకు అదే కోట. అంతేకాదు. పాత పుండులో క్రిములు విడివిడిగా ఉండవు. ఒకదానికొకటి అంటుకుని జిగురు కప్పుకుంటాయి. నీళ్ళ తొట్టి గోడకు పాచి పట్టడం చూశారు కదా? నీళ్ళు మార్చినంత మాత్రాన పాచి పోతుందా? గీకాలి. పుండులో పాచి కూడా అంతే. కత్తితో గీకి తీయాలి. నాలుగు రోజులకు మళ్ళీ పట్టవచ్చు. మళ్ళీ తీయాలి. మందుకు లొంగని పుండుకు అసలు వైద్యం సగం ఈ గీకుడే. మందుల షాపులో ఇది దొరకదు. అందుకే దీని సంగతి ఎవరూ చెప్పరు.

"ఇప్పుడు వేలు పోతుంది. ఆలస్యం చేస్తే పాదం పోతుంది. ఇంకా ఆలస్యం చేస్తే మోకాలి కింద దాకా పోతుంది. విషం రక్తంలోకి ఎక్కితే ప్రాణానికే ముప్పు. రేపు పొద్దున చెప్పు తాతా" అని వెళ్ళింది.

ఆ రాత్రి మేస్త్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాట్లాడలేదు. మేస్త్రమ్మ చాలాసేపు ఊరుకుంది. తర్వాత అడిగింది.

"ఏమయ్యా, కుళ్ళిన చెక్క మీద స్లాబు పోస్తావా?"

మేస్త్రి జవాబు చెప్పలేదు. పొద్దున్నే డాక్టరమ్మ రాగానే, కాగితం మీద సంతకం పెట్టడానికి బొటనవేలు చాచాడు. వేలిముద్ర ఆయనది. పక్కన సాక్షి సంతకం మేస్త్రమ్మది.

రెండో వేలు తీశారు. దాని కింద కుళ్ళిన కొంత భాగం తీశారు. ఎముకలో మిగిలి ఉంటే నెలన్నర దాకా మందు వాడవలసి వచ్చేది. కుళ్ళంతా తీసేశారు కాబట్టి తక్కువ రోజులతో సరిపోయింది.

ఆ తర్వాత ముఖ్యమైన పని చక్కెరది. చక్కెర ఎక్కువగా ఉంటే క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. ఇన్సులిన్ సూదులు మొదలుపెట్టారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. వాపుకని ఎవరో ఇచ్చిన మాత్రల్లో స్టెరాయిడ్ ఉంది. అది చక్కెరను పెంచుతుంది. వాపు తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల పుండు ముదురుతుంది.

పాదం మీద బరువు పడకూడదన్నారు. ఇది వినడానికి చిన్న మాట. చేయడానికి పెద్ద కష్టం. నొప్పి లేని పాదం కదా, మేస్త్రి మరిచిపోయి లేచి నడిచేవాడు. అడుగు పడినప్పుడల్లా కొత్త కండ నలిగిపోయేది. చివరికి కాలికి పట్టీ వేసి, చంకకర్రలు ఇచ్చారు. పుండు మీద కట్టు కట్టి, గొట్టం పెట్టి, చిన్న యంత్రంతో లోపలి చెమ్మను పీల్చారు. అలా చేస్తే లోతు పుండు త్వరగా పూడుతుంది.

తేనె, ఈగ పిల్లలు, క్రిమిని తినే క్రిమి

వార్డులో రోగుల మధ్య రకరకాల మాటలు వస్తాయి. ఒకాయన తేనె రాస్తే మానుతుందన్నాడు. ఇంకొకావిడ, ఆవు పేడ అంది. పేడ మాట పక్కన పెట్టండి. పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. తేనె సంగతి మాత్రం నిజం ఉన్నదే. తేనెలో చాలా క్రిములు బతకలేవు. పుండ్ల కోసం ప్రత్యేకంగా శుద్ధి చేసిన తేనె కట్లు ఉన్నాయి. కానీ తుట్టె నుంచి పిండిన తేనె, కొట్లో సీసా తేనె అలా శుద్ధి చేసినవి కావు. వెండి కలిపిన కట్లు, అయోడిన్ కట్లు కూడా వాడతారు. ఇవన్నీ పైపై క్రిములను అదుపులో పెడతాయి. లోపల ఎముక దాకా పోయినదాన్ని ఇవి మాన్పలేవు.

ఈగ పిల్లల కథ వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అది నిజం. మొదటి ప్రపంచ యుద్ధంలో విలియం బేర్ అనే అమెరికా డాక్టరు ఒక వింత చూశాడు. ఇద్దరు సైనికులు గాయాలతో ఏడు రోజులు దిక్కులేకుండా పడి ఉన్నారు. గాయాల నిండా పురుగులు. పురుగులు తీసి చూస్తే లోపల ఎర్రని మంచి కండ ఉంది! ఆ పురుగులు చచ్చిన మాంసాన్నే తిన్నాయి. బతికిన మాంసాన్ని వదిలేశాయి. తర్వాత ఆయన శుభ్రమైన చోట పెంచిన పురుగులతో ఎముక పుండ్లకు వైద్యం చేశాడు. పెన్సిలిన్ వచ్చాక ఈ పద్ధతి మూలన పడింది. మందులు ఓడిపోవడం మొదలయ్యాక మళ్ళీ బయటికి వచ్చింది. 2004లో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది. అయితే అవి ఒక ప్రత్యేక జాతి ఈగ పిల్లలు. క్రిములు లేకుండా పెంచినవి. మన ఇంటి ఈగ పుండు మీద వాలితే రోగమే తెస్తుంది.

క్రిమిని తినే క్రిమి ఇంకా చిత్రమైనది. బాక్టీరియా అనే క్రిములకు కూడా రోగం తెచ్చే వైరసులు ఉన్నాయి. వాటిని ఫేజ్‌లు అంటారు. 1917లో పారిస్‌లో పనిచేసే ఫెలిక్స్ డెరెల్ వాటికి ఆ పేరు పెట్టాడు. 1920ల్లో ఆయన మన దేశానికి వచ్చి కలరా రోగుల మీద కూడా ప్రయత్నించాడు. జార్జియా దేశంలో తిబిలిసి నగరంలో 1923లో మొదలైన ఎలియావా సంస్థ ఈనాటికీ ఫేజ్‌లతో వైద్యం చేస్తోంది. మందులకు లొంగని పుండ్లతో వేరే దేశాల వాళ్ళు అక్కడికి వెళుతుంటారు. ఒక్కో ఫేజ్ ఒక్కో రకం క్రిమినే చంపుతుంది. అందుకని తాళానికి తగిన తాళంచెవి వెతికినట్టు వెతకాలి. మన దేశంలో అది ఇంకా మామూలు వైద్యం కాలేదు. మేస్త్రి వంటి వాళ్ళకు ఈరోజు దిక్కు కల్చర్ పరీక్ష, కత్తి, కట్టు, చక్కెర అదుపు. ఇవి సమయానికి దొరికితే చాలామందికి కాలు దక్కుతుంది.

ఇంట్లో

మేస్త్రి ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత ఇంటికి వచ్చాడు. పుండు పూర్తిగా పూడటానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

కట్టు మార్చడం మేస్త్రమ్మ నేర్చుకుంది. ముందు సబ్బుతో చేతులు కడుగుతుంది. ఉప్పు నీళ్ళ సీసాతో పుండు కడుగుతుంది. ఇది ఆసుపత్రిలో ఇచ్చే శుద్ధమైన నీరు. నురగ వచ్చే మందు రోజూ పోయవద్దని నర్సమ్మ చెప్పింది. అది క్రిములతో పాటు లేత కండను కూడా చంపుతుంది. పాత గుడ్డను కాగితంలో చుట్టి పొయ్యిలో వేస్తుంది. మళ్ళీ చేతులు కడుగుతుంది. అయ్యాకనే మనవణ్ణి ఎత్తుకుంటుంది.

మేస్త్రి వేడి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటానంటే ఆమె ఒప్పుకోలేదు. స్పర్శ లేని పాదానికి ఎంత వేడో తెలియదు. బొబ్బలు లేస్తాయి. ఆసుపత్రిలో మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు రాసిచ్చారు. ఇంట్లో కూడా అవే వేసుకుంటాడు. వేసుకునే ముందు చేయి పెట్టి లోపల రాయి, మేకు ఉందేమో చూస్తాడు. రాత్రి పడుకునే ముందు మేస్త్రమ్మ సెల్లు లైటు వేసి రెండు పాదాలూ చూస్తుంది. వేళ్ళ సందులు చూస్తుంది. ఆయన ఒక్కడే ఉంటే అద్దం కింద పెట్టుకుని చూసుకుంటాడు.

నర్సమ్మ కాగితం మీద రాసిచ్చిన మాటలు మేస్త్రమ్మ గోడకు అంటించింది. ఎరుపు పైకి పాకితే, చలిజ్వరం వస్తే, వేలు నల్లబడితే, చెడు వాసన వస్తే, మనిషి మగతగా ఉంటే ఆరోజే ఆసుపత్రికి రావాలి. మర్నాడు కాదు. మేస్త్రి ఆ కాగితం చదవలేడు. కానీ ఏ వరుసలో ఏముందో ఆయనకు నోటికి వచ్చు.

ఎర్ర గీత

ఒక రాత్రి మేస్త్రమ్మ ఆ పాత మందుల అట్టలను కేంద్రానికి తెచ్చింది. ఒక్కొక్కరికి ఒక్కో అట్ట ఇచ్చింది. "ఏం కనిపిస్తోందో చెప్పండి" అంది.

అట్ట మీద నిలువుగా ఒక ఎర్ర గీత ఉంది. డాక్టరు రాసివ్వకుండా ఈ మందు వాడకూడదని ఆ గీతకు అర్థం. 2016లో ప్రభుత్వం ఈ ఎర్ర గీత గురించి ప్రచారం మొదలుపెట్టింది. కొన్ని గట్టి మందుల అట్టల మీద ఎర్ర గడి కట్టి, లోపల హెచ్చరిక కూడా ముద్రిస్తారు. అలాంటి మందు అమ్మితే షాపువాళ్ళు రోగి పేరు, డాక్టరు పేరు వేరే పుస్తకంలో రాయాలి. ఈ నియమం 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. ఎంతమంది రాస్తున్నారో మనందరికీ తెలుసు.

అట్టలు చేతులు మారాయి. తారీఖు ఎక్కడుందో వెతికారు. ఒక అట్ట మీద గడువు దాటి ఏడాది అయింది. ఇంకో అట్టలో అయిదు మాత్రలకు మూడు అలాగే ఉన్నాయి.

"మరి డాక్టరు అయిదు రోజులంటే అయిదు రోజులూ వేసుకోవాల్సిందేనా? రెండో రోజే నయమైతే?" అని ఒకామె అడిగింది.

"మనంతట మనం మానకూడదు. ఆపాలన్నా, ఇంకా వాడాలన్నా వాళ్ళనే అడగాలి" అంది మేస్త్రమ్మ. "చీము, వాపు, జ్వరం లేని శుభ్రమైన పుండుకు అసలు ఈ మందే అక్కర్లేదంట. కడిగి కట్టు కడితే చాలంట. డాక్టరమ్మ చెప్పింది."

"అయితే మనం అడగబట్టే వాళ్ళు ఇస్తున్నారన్నమాట" అంది ఇంకొకామె.

"మా ఆయన అడిగాడుగా! పెద్ద మందు వేయమని."

అందరూ నవ్వారు. మేస్త్రి బయట అరుగు మీద కూర్చుని వింటున్నాడు. ఆయన ఇప్పుడు పరంజా ఎక్కడం లేదు. కింద నిలబడి కుర్రాళ్ళకు గుండు కట్టి గోడ వంకర చూపిస్తున్నాడు. కూలి కొంచెం తక్కువ.

తర్వాతి వారం మనవడికి మళ్ళీ జలుబు చేసింది. కోడలు రేకు పెట్టె తెరిచింది. పెట్టెలో మాత్రలు లేవు. కల్చర్ పరీక్ష కాగితం మాత్రం మడత పెట్టి ఉంది.